హైడ్రాలిక్ సస్పెన్షన్ ఉన్న ఆఫ్‌రోడ్ బండి: ఎత్తు మార్చడం, పరీక్షించడం, సరిచేయడం ఎలా?

"బటన్ నొక్కితే బండి లేస్తోంది, మళ్ళీ నొక్కితే దిగుతోంది. మరి కుదుపు ఎందుకు ఇంత పెరిగింది?" ఎత్తు మార్చుకునే హైడ్రాలిక్ సస్పెన్షన్ ఉన్న పాత బండి కొన్నవాళ్ళు పదే పదే అడిగే ప్రశ్న ఇది. వెంటనే దొరికే సమాధానాలు రెండు: గోళాలన్నీ (చక్రాల దగ్గర స్ప్రింగులా పనిచేసే, వాయువు నింపిన ఇనుప గుండ్లు) మార్చేయండి, లేదా మొత్తం పీకేసి మామూలు షాక్ అబ్జార్బర్లు వేయించండి. రెండూ తొందరపాటు సలహాలే. ముందు కొలవాలి. ఒక టేపు, ఒక మార్కర్, ఒక మధ్యాహ్నం ఉంటే సగం సంగతి ఇంట్లోనే తేలిపోతుంది.

కొలిచే ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఎత్తు సరిగ్గా ఉన్నంత మాత్రాన సస్పెన్షన్ బాగున్నట్టు కాదు. ఇందులోని కంప్యూటర్‌కు అప్పగించిన పని ఎత్తును నిలబెట్టడం. స్ప్రింగు కుంగినా, ముందు బంపరు మీద వించి (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం) బిగించి బరువు పెంచినా అది ఇంకాస్త ఆయిల్ పంపి బండిని అదే ఎత్తుకు తెస్తుంది. ఒళ్ళు కాలిపోతున్నా మాత్ర మింగి పనికి వచ్చే మనిషిలాంటిది. పైకి ఏమీ తెలియనివ్వదు. లోపల మాత్రం ఆయిల్ ఒత్తిడి పెరుగుతుంది, ప్రయాణం బిర్రుగా మారుతుంది. కాబట్టి ఎత్తు ఎంత అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. ఆ ఎత్తును నిలపడానికి ఎంత ఒత్తిడి పడుతోంది అన్నదే అసలు ప్రశ్న.

మీ బండిలో ఉన్నది ఇదేనా?

ఎత్తు మారే బండ్లన్నీ హైడ్రాలిక్ కావు. రేంజ్ రోవర్, ల్యాండ్ రోవర్ డిస్కవరీ, జీప్ గ్రాండ్ చెరోకీలలో ఆ సౌకర్యం ఉన్న నమూనాలను లేపేది గాలి. కంప్రెసర్ రబ్బరు సంచుల్లోకి గాలి నింపుతుంది. అలాగే ఆయిల్ గొట్టాలు ఉన్నవన్నీ ఎత్తు మార్చేవీ కావు. నిస్సాన్ పెట్రోల్ వై62లోని హెచ్‌బీఎంసీ, టొయోటా బండ్లలోని కేడీఎస్ఎస్ రెండూ హైడ్రాలిక్ ఏర్పాట్లే కానీ, బండి పక్కకు ఒరగకుండా చూడడం వరకే వాటి పని.

ఇక్కడ చెప్పేదంతా ప్రధానంగా టొయోటా వారి యాక్టివ్ హైట్ కంట్రోల్ గురించి. పొట్టిగా ఏహెచ్‌సీ అంటారు. 1998లో వచ్చిన ల్యాండ్ క్రూయిజర్ 100 తరంలో కొన్ని నమూనాలకు, దాని జంట లెక్సస్ ఎల్ఎక్స్470కి, తర్వాతి ఎల్ఎక్స్570, ఎల్ఎక్స్600లకు ఇది ఉంది. వేరే కంపెనీ హైడ్రాలిక్ బండి అయినా పరీక్షించే పద్ధతి చాలావరకు ఇదే. అంకెలు మాత్రం మీ బండి సర్వీసు పుస్తకంలోవే తీసుకోవాలి.

గుర్తుపట్టడం సులువే. బానెట్ ఎత్తితే బ్రేక్ ఆయిల్, స్టీరింగ్ ఆయిల్ డబ్బాలు కాక సస్పెన్షన్ ఆయిల్‌కు మరో డబ్బా కనిపించాలి. బండి కిందకు తొంగిచూస్తే చక్రాల దగ్గర ఇనుప గోళాలు, వాటికి వచ్చే సన్నని లోహపు గొట్టాలు ఉండాలి. గాలి సంచులు కనిపిస్తే ఈ మెట్లు మీకు పనికిరావు.

అవసరమైనంత సిద్ధాంతం

ఆయిల్ నలగదు, వాయువు నలుగుతుంది. ఈ సస్పెన్షన్ అంతా ఆ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది. చక్రం దగ్గర షాక్ అబ్జార్బర్‌లా కనిపించేది నిజానికి ఒక హైడ్రాలిక్ సిలిండర్. దాని నుంచి గొట్టం ఒక గోళంలోకి వెళుతుంది. గోళం లోపల రబ్బరు పొర. ఒక వైపు ఆయిల్, మరో వైపు ఒత్తిడితో నింపిన నైట్రోజన్. చక్రం గతుకులో పడి లేచినప్పుడు ఆయిల్ గోళంలోకి దూరి నైట్రోజన్‌ను నొక్కుతుంది, అదే స్ప్రింగులా పనిచేస్తుంది. పంపు ఆయిల్ ఎక్కువ పంపితే బండి లేస్తుంది, వాల్వు తెరుచుకుని ఆయిల్ డబ్బాలోకి తిరిగి వస్తే దిగుతుంది.

ఈ ఆలోచన టొయోటాది కాదు. సిట్రోయెన్ ఇంజనీరు పాల్ మాజెస్ రూపొందించిన పద్ధతి 1954లో ఒక కారు వెనుక చక్రాలకు, 1955లో డీఎస్ కారు నాలుగు చక్రాలకూ వచ్చింది. తేడా ఏమిటంటే సిట్రోయెన్‌లో బరువంతా ఆయిల్, వాయువుల మీదే ఉంటుంది. ల్యాండ్ క్రూయిజర్ 100లో ముందు టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు), వెనుక కాయిల్ స్ప్రింగులు కూడా ఉంటాయి. బరువులో పెద్ద వాటా వాటిదే, మిగిలినది ఆయిల్‌ది. ఆ వాటాలు తారుమారైతేనే తంటా మొదలవుతుంది. సిద్ధాంతం ఇంతటితో చాలు.

కావలసినవి

- మిల్లీమీటర్ల గీతలున్న టేపు, మాస్కింగ్ టేపు, మార్కర్
- చదునైన గట్టి నేల. సిమెంటు నేల అయితే మంచిది
- టైర్ల గాలి చూసే గేజి
- టార్చి, పాత గుడ్డలు, అట్టముక్క
- కళ్ళద్దాలు, చేతి తొడుగులు
- గట్టి జాక్ స్టాండ్లు, చక్రాలకు అడ్డుపెట్టే దిమ్మలు
- సస్పెన్షన్ కంప్యూటర్‌ను చదవగల స్కానర్; ఇంజను లోపాలు మాత్రమే చూపే చవకరకం సరిపోదు
- ఆయిల్ మార్చేటట్లయితే కంపెనీ చెప్పిన సస్పెన్షన్ ఆయిల్, పారదర్శకమైన గొట్టం, సీసా
- ఒక నోటుపుస్తకం. ఇది లేకపోతే మిగతావన్నీ ఉన్నా దండగే, ఎందుకంటే మొన్నటి కొలత తెలియకుండా నేటి కొలతకు అర్థం లేదు.

మొదలుపెట్టే ముందు హెచ్చరికలు

ఈ సస్పెన్షన్‌ను నమ్మి బండి కిందకు దూరకండి. బండి ఎత్తుగా నిలబడి ఉందంటే దానిని నిలబెట్టింది ఆయిల్. ఒక వాల్వు తెరుచుకుంటే, ఒక గొట్టం తెగితే బండి దిగుతుంది, మీకు చెప్పి దిగదు. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాకే తల లోపల పెట్టండి. బండి లేస్తున్నప్పుడూ దిగుతున్నప్పుడూ చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య చేతులు పెట్టకండి, పిల్లలను దగ్గరకు రానివ్వకండి.

జాకీ పెట్టే ముందు ఎత్తు నియంత్రణను ఆఫ్ చేసి, ఇంజను ఆపాలి. ఆపకపోతే జాకీతో లేచిన మూలను కంప్యూటర్ "ఎత్తు ఎక్కువైంది" అనుకుని ఆయిల్ వదిలేస్తుంది. ఆ తర్వాత జాకీ దించితే ఆ మూల కుంగిపోతుంది. పంక్చర్ వేసే కుర్రాడికి ఈ సంగతి తెలియకపోవచ్చు. బండి దగ్గర ఉండి మీరే చెప్పాలి. బండిని ట్రెయిలర్ మీద కట్టి తీసుకెళ్ళేటప్పుడూ ఇదే నియమం.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. గొట్టాల్లో ఒత్తిడి సుమారు 7 మెగాపాస్కల్, అంటే దాదాపు 70 బార్. మీ టైరులో ఉండేదానికి ఇది 30 రెట్ల చుట్టుపక్కల. సన్నని చిల్లు నుంచి చిమ్మే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. లీకు ఎక్కడుందో వేలితో తడిమి చూడకండి. అట్టముక్క అడ్డుపెట్టి దాని మీద తడి మరక పడుతోందేమో చూడండి. పొరపాటున చర్మంలోకి పోతే పైకి సూదిగుచ్చినంత గుర్తే కనిపిస్తుంది, నొప్పి కూడా వెంటనే ఉండకపోవచ్చు. అయినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళి, ఒత్తిడితో ఆయిల్ లోపలికి పోయిందని స్పష్టంగా చెప్పాలి.

1. బండిని కొలతకు సిద్ధం చేయండి

టైర్లలో గాలి సరిచూడండి. సామాను దించేయండి, దించలేని పెట్టెలు, పైకప్పు మీది రాక్, వించి ఏమేమి ఉన్నాయో రాసుకోండి. ట్యాంకులో ఇంధనం ఎంత ఉందో కూడా రాయండి. ఇంజను నడుస్తుండగా నార్మల్ ఎత్తులో పెట్టి, బండిని కొన్ని మీటర్లు ముందుకూ వెనక్కీ కదిలించి, స్టీరింగ్ నేరుగా ఉంచి ఆపండి. ఇలా కదిలించకపోతే టైర్లు నేలను పట్టుకుని చక్రాలను పక్కకు లాగి ఉంచుతాయి, కొలత తప్పుతుంది. తలుపులు మూసి ఉంచండి. చాలా బండ్లలో తలుపు తెరిచి ఉంటే కంప్యూటర్ ఎత్తు మార్చదు.

2. మూడు ఎత్తులూ కొలవండి

నేల నుంచి కొలవకండి. చాలామంది చేసే మొదటి తప్పు ఇదే. టైరు అరిగినా, సైజు మార్చినా నేల నుంచి కొలత మారిపోతుంది. సస్పెన్షన్‌కు దానితో సంబంధం లేదు. చక్రం నట్టనడుమ నుంచి నిట్టనిలువుగా పైన మడ్‌గార్డు అంచు వరకు కొలవండి. ప్రతి మడ్‌గార్డు మీదా చిన్న మాస్కింగ్ టేపు ముక్క అంటించి గీత పెట్టుకుంటే ప్రతిసారీ అదే చోట కొలవచ్చు.

లో, నార్మల్, హై: ఒక్కొక్క ఎత్తులో నాలుగు మూలలూ కొలిస్తే పన్నెండు అంకెలు వస్తాయి. ఎత్తు మారుస్తున్న లైటు ఆరి, బండి పూర్తిగా స్థిరపడ్డాకే కొలవాలి. ఈ తరహా బండ్లలో నార్మల్‌కూ మిగతా రెంటికీ తేడా సుమారు 4 నుంచి 5 సెంటీమీటర్లు. మీ బండి అంకెలను పుస్తకంతో పోల్చండి.

ఇప్పుడు అంకెలను చదవండి. ముందు చక్రాల్లో ఎడమకూ కుడికీ తేడా ఒక సెంటీమీటరు దాటితే సెన్సార్, లేదా రెండు టార్షన్ బార్ల బిగింపు చూడాలి. నార్మల్ సరిగ్గా ఉండి హై మాత్రం అందకపోతే పంపు, ఆయిల్ మట్టం, ఎక్కువ బరువు అనుమానించాలి. నాలుగు మూలలూ సమానంగా తక్కువగా ఉంటే ఎవరో ఇంతకుముందు సెన్సార్లు జరిపి ఉండవచ్చు. అన్నీ సరిగ్గా ఉంటే సంతోషించి ఇక్కడే ఆగకండి. పైన చెప్పినట్టు ఎత్తు సగం కథే.

హైకి లేవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కూడా ఫోనులో చూసి రాయండి. ఆ అంకె ఈరోజు ఏమీ చెప్పదు. ఏడాది తర్వాత అదే బండి రెట్టింపు సమయం తీసుకుంటే అప్పుడు చెబుతుంది.

3. ఆయిల్ మట్టం చూడండి

బండి ఎత్తును బట్టి డబ్బాలో ఆయిల్ మట్టం మారుతుంది. లేచినప్పుడు ఆయిల్ డబ్బాలో నుంచి సిలిండర్లలోకి పోతుంది, దిగినప్పుడు వెనక్కి వస్తుంది. హైలో ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, "అయ్యో, తగ్గిపోయింది" అని నిండుగా పోసేవాళ్ళు ఉన్నారు. బండి దిగగానే అదంతా పొంగి బయటకు కారుతుంది. ఏ ఎత్తులో చూడాలని పుస్తకం చెబితే ఆ ఎత్తులోనే చూడండి.

మూత తీసే ముందు చుట్టూ ఉన్న దుమ్ము తుడవండి. ఇసుక రేణువు ఒకటి లోపల పడినా వాల్వుల్లో ఇరుక్కుంటుంది. టార్చి వేసి ఆయిల్‌లో నురగ ఉందేమో చూడండి. నురగ అంటే లోపలికి గాలి చేరిందని అర్థం.

తక్కువగా ఉంటే కంపెనీ చెప్పిన రకమే పోయాలి. చేతికి అందిన బ్రేక్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడవుతాయి. "అదీ హైడ్రాలిక్ ఆయిలే కదా" అనే మెకానిక్‌కు డబ్బా అప్పగించకండి.

4. గోళాల ఆరోగ్యం: గీతల పరీక్ష

పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. చాలామంది దీనిని వదిలేసి నేరుగా గోళాలు కొనేస్తారు. ఏహెచ్‌సీ ఆయిల్ డబ్బా పక్కన సన్నని గీతలు ఉంటాయి. మురికి పట్టి కనబడకపోతే తడిగుడ్డతో తుడవండి.

ఇంజను నడుస్తుండగా బండిని లో ఎత్తుకు దించండి. స్థిరపడ్డాక ఆయిల్ ఏ గీత దగ్గర ఉందో మార్కర్‌తో గుర్తు పెట్టండి. తర్వాత నార్మల్‌కు, అక్కడి నుంచి హైకి లేపండి. పూర్తిగా లేచాక మళ్ళీ చూడండి. రెంటి మధ్య ఎన్ని గీతల తేడా ఉందో లెక్కపెట్టండి.

100 తరం బండ్ల యజమానులు, మెకానిక్‌లు వాడే కొలబద్ద ప్రకారం, గోళాలు కొత్తగా ఉన్నప్పుడు తేడా సుమారు 14 గీతలు. అది 7కు గానీ అంతకన్నా కిందకు గానీ పడితే గోళాలు మార్చే సమయం వచ్చినట్టు. మధ్యలో ఉంటే వాడుకోవచ్చు, ఆరు నెలలకోసారి చూసుకుంటూ ఉండాలి.

తేడా ఎందుకు తగ్గుతుందంటే, బండి లేచేటప్పుడు ఒత్తిడి పెరిగి ఆయిల్ సిలిండర్లలోకే కాక, నైట్రోజన్‌ను నొక్కుతూ గోళాల్లోకీ పోతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ నైట్రోజన్ రబ్బరు పొర గుండా కొద్దికొద్దిగా తప్పించుకుంటుంది. వాయువు పోయిన గోళంలో ముందే ఆయిల్ నిండి ఉంటుంది, కొత్తగా పట్టేది ఏమీ ఉండదు. అందుకే డబ్బాలో మట్టం అంతగా మారదు. నలగవలసిన వాయువు లేక, రోడ్డు మీది ప్రతి గులకరాయీ మీ నడుముకు తెలిసేది కూడా ఇందుకే.

ఒక జాగ్రత్త: ఒత్తిడి మరీ ఎక్కువగా ఉన్న బండిలో ఈ లెక్క తప్పుదారి పట్టించవచ్చు. 7, 8 మెట్లు పూర్తిచేశాక మరోసారి గీతలు లెక్కపెట్టి, అప్పుడు నిర్ణయం తీసుకోండి. ఈ పరీక్ష గోళాలన్నిటినీ కలిపి చూస్తుంది; నాలుగింటిలో ఏది పోయిందో విడిగా చెప్పదు. ఒకే మూల కొట్టుకుంటుంటే అక్కడిది అనుమానించాలి. మార్చేటప్పుడు కనీసం ఒక యాక్సిల్ మీది రెంటినీ కలిపి మార్చాలి.

5. లీకులు వెతకండి

స్టాండ్ల మీద పెట్టాక, టార్చితో ప్రతి సిలిండర్ పైభాగం, గోళం మెడ, గొట్టాల కలయికలు చూడండి. సన్నని తేమ మీద దుమ్ము అంటుకుని నల్లటి పొర కట్టి ఉంటే అది పాత చెమ్మ. గుడ్డతో శుభ్రంగా తుడిచి, వారం తర్వాత మళ్ళీ చూడండి. మళ్ళీ తడి కనిపిస్తేనే లీకు. ఛాసిస్ మీద క్లిప్పులు బిగించిన చోట గొట్టాలకు తుప్పు పట్టడం సాధారణం. మట్టి, ఉప్పునీళ్ళు అక్కడే నిలుస్తాయి కాబట్టి ముందు అక్కడ చూడండి.

రాత్రి ఆపిన బండి పొద్దుటికి కొద్దిగా దిగితే కంగారు అక్కర్లేదు. ఆయిల్ చల్లబడితే కొంత కుంచించుకుంటుంది. ఒకే మూల దిగితే, లేదా నేల మీద మరక పడితే మాత్రం పట్టించుకోవాలి. మరక లేకుండా ఒక మూల రోజూ దిగుతుంటే, వాల్వు సరిగా మూసుకోక ఆయిల్ లోలోపలే డబ్బాలోకి జారుతుండవచ్చు.

6. ఎత్తు సెన్సార్లు

ఛాసిస్‌కూ చక్రం పట్టీకీ మధ్య చిన్న కడ్డీతో కలిపిన మీట ఇది. ముందు రెండు వైపులా, వెనుక ఒకటి లేదా రెండు, బండిని బట్టి ఉంటాయి. మట్టి, రాళ్ళ దెబ్బలు ముందు వీటికే తగులుతాయి. కడ్డీ చివరి కీళ్ళు తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటే, కంప్యూటర్‌కు తప్పుడు ఎత్తు చేరుతుంది. బండి ఒకవైపు వాలి నిలబడినా, దానంతటదే పైకీ కిందకీ ఊగిసలాడుతున్నా మొదట ఇక్కడ చూడండి. ఇంజను ఆపి, కడ్డీ విప్పి మీటను చేత్తో మెల్లగా తిప్పితే ఎక్కడా పట్టేయకుండా తిరగాలి.

సెన్సార్‌ను కొంచెం జరిపి కంప్యూటర్‌ను మోసగించి బండిని శాశ్వతంగా ఎత్తు చేసుకునే పద్ధతి బాగా ప్రచారంలో ఉంది. ఖర్చు లేని లిఫ్టు అని మురిసిపోతారు. ఆ అదనపు ఎత్తును మోసేది ఆయిల్ ఒత్తిడే. ప్రయాణం బిర్రుగా మారుతుంది, చక్రం కిందకు జారగల దూరం తగ్గుతుంది, ముందు డ్రైవ్ షాఫ్టుల కీళ్ళు ఎప్పుడూ వంకరగానే పనిచేస్తాయి. ఎడమ కుడి మధ్య చిన్న తేడా సరిచేయడానికి సెన్సార్ జరపండి. ఎత్తు పెంచడానికి కాదు.

7. ఒత్తిడి చదవండి

అసలు సంగతి ఇక్కడ బయటపడుతుంది. స్కానర్ తగిలించి, సస్పెన్షన్ విభాగంలో ముందు, వెనుక ఆయిల్ ఒత్తిడి చూడండి. 1వ మెట్టులో చెప్పినట్టు బండి ఖాళీగా, నార్మల్ ఎత్తులో, చదునైన నేల మీద ఉండాలి. ఒక్కసారి చదివి వదిలేయకండి. లో ఎత్తుకు దించి మళ్ళీ నార్మల్‌కు తెచ్చి చదవండి, ఇలా మూడుసార్లు చేసి సగటు తీయండి. సస్పెన్షన్ కీళ్ళ రాపిడి వల్ల ఒక్కొక్కసారి ఒక్కో అంకె రావడం మామూలే.

100 తరం బండిలో ముందు ఒత్తిడి 7 మెగాపాస్కల్ చుట్టుపక్కల ఉండాలి, వెనుక అంతకన్నా కొంచెం తక్కువ. ముందు 8 దాటితే టార్షన్ బార్లు అలసి తమ వాటా బరువు మోయడం లేదన్నమాట, లేదా ముందు భాగంలో బరువు చేరింది. వెనుక పెరిగితే కాయిల్ స్ప్రింగులు కుంగాయి, లేదా పెట్టెలు, రెండో ట్యాంకు, వెనుక బంపరు వగైరా ఎక్కువయ్యాయి. మరీ తక్కువ ఒత్తిడి కూడా మంచిది కాదు. అప్పుడు బరువంతా స్ప్రింగులదే అయి, బండి వదులుగా ఊగుతుంది.

స్కానర్ లేకపోతే? ఈ సస్పెన్షన్ తెలిసిన మెకానిక్ దగ్గరకు వెళ్ళి, "ముందు వెనుక ఒత్తిడి అంకెలు రాసివ్వండి" అని ఆ ఒక్క పనే అడగండి. అంకెలు ఇవ్వకుండా "గోళాలు పోయాయి" అంటే ఇంకో చోటికి వెళ్ళండి.

8. ఒత్తిడిని సరిచేయండి

ముందు వైపు: టార్షన్ బార్ చివరి బోల్టు బిగిస్తే అది ఎక్కువ బరువు తీసుకుంటుంది, ఆయిల్ ఒత్తిడి తగ్గుతుంది. బండి ఎత్తు మాత్రం మారదు, ఎందుకంటే కంప్యూటర్ వెంటనే సర్దుకుంటుంది. బోల్టు తిప్పి టేపుతో ఎత్తు కొలిచి, "ఏమీ మారలేదు" అని ఇంకా ఇంకా బిగించేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. చూడవలసింది టేపు కాదు, స్కానర్.

రెండు వైపులా సమానంగా, కొద్దికొద్దిగా తిప్పాలి. ముందు భాగాన్ని జాకీతో లేపి స్టాండ్లు పెట్టి, బార్ మీది భారం తగ్గించాకే తిప్పండి. బరువు మీద ఉన్న బోల్టును తిప్పితే మరలు చెడిపోతాయి. తిప్పేముందు మరలకు గ్రీజు రాయండి. ప్రతిసారీ బండిని నేల మీదకు దించి, కొద్ది దూరం నడిపి, మళ్ళీ ఒత్తిడి చదవాలి. మెలితిరిగిన బార్‌లో నిలవ ఉన్న శక్తి తక్కువది కాదు; అనుభవం లేకపోతే ఈ ఒక్క పని మెకానిక్‌కు వదిలేయడమే మేలు.

వెనుక వైపు: తిప్పే బోల్టు లేదు. స్ప్రింగు పైన తగిన మందంలో స్పేసర్ పెట్టడం, లేదా కొత్త స్ప్రింగులు వేయడం. ఎప్పుడూ బరువు మోసే బండి అయితే కొత్త స్ప్రింగులే మంచివి. ముందు కాయిల్ స్ప్రింగులున్న ఎల్ఎక్స్570 లాంటి వాటిలో ముందు కూడా ఇదే దారి.

9. ఆయిల్ మార్చండి

ఆయిల్ నల్లబడినా, నురగ ఉన్నా, ఎప్పుడు మార్చారో తెలియకపోయినా మార్చేయండి. ఇంజను ఆపి, బండిని స్టాండ్ల మీద నిలబెట్టి, బ్లీడర్‌కు (ఆయిల్, గాలి బయటకు వదిలే చిన్న మరకు) గొట్టం తగిలించి దాని చివర సీసాలో పెట్టండి. బ్లీడర్‌ను పావు మలుపు మాత్రమే, నెమ్మదిగా విప్పండి. ఒత్తిడితో ఆయిల్ వస్తుంది. తగ్గాక బిగించి, డబ్బాలో కొత్త ఆయిల్ పోసి, తర్వాతి మూలకు వెళ్ళండి. ఏ మూల తర్వాత ఏది అన్నది పుస్తకం చెప్పిన వరుసలోనే.

అన్నీ బిగించాక బండిని నేల మీదకు దించి, ఇంజను స్టార్ట్ చేసి నార్మల్‌కు లేపండి. డబ్బా ఒక్క క్షణం కూడా ఖాళీ కాకూడదు, ఖాళీ అయితే పంపు గాలి పీలుస్తుంది, మొదటికి వస్తుంది. తీసిన ఆయిల్‌లో బుడగలు కనిపించకుండా పోయేవరకు మరోసారి చేయాలి. తుప్పుపట్టిన బ్లీడర్‌ను బలవంతంగా తిప్పకండి. ముందురోజే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి.

10. ఫలితం సరిచూడండి

పన్నెండు కొలతలూ, గీతల తేడా, ఒత్తిడి, లేవడానికి పట్టిన సమయం: అన్నీ మళ్ళీ రాసి, పాత పేజీ పక్కన పెట్టి చూడండి. తర్వాత మీకు బాగా తెలిసిన గతుకుల దారిలో నడిపి చూడండి. బాగున్న బండి స్పీడు బ్రేకర్ దాటాక ఒకసారి ఊగి నిలబడాలి. వీల్ అలైన్‌మెంట్ చేయించవలసింది ఇదంతా అయ్యాక, నార్మల్ ఎత్తులోనే. ముందే చేయిస్తే ఆ ఖర్చు వృథా. హెడ్‌లైట్ల దిశ కూడా ఒకసారి గోడ మీద చూసుకోండి.

పెద్ద టైర్లు వేసి ఉంటే లో ఎత్తుకు దించి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పించి, టైరు మడ్‌గార్డుకు తగులుతుందేమో చూడండి. ఇది మరిచిపోయేవాళ్ళు చాలా ఎక్కువ.

కఠినమైన దారిలో వాడే పద్ధతి

హై అంటే అన్ని విధాలా మేలు అనుకోకండి. ఈ టొయోటా బండ్లలో వెనుక యాక్సిల్ ఒకే దిమ్మగా ఉంటుంది. బటన్ నొక్కితే ఛాసిస్ లేస్తుంది, దాని నడుమ ఉండే డిఫరెన్షియల్ గుండు (ఇంజను శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దానిని ఎత్తేది టైరు సైజు ఒక్కటే. రాయి మీదకు ఎక్కేటప్పుడు ముందు బంపరు, దిగేటప్పుడు వెనుక బంపరు, మధ్యలో పొట్టభాగం తగలకుండా హై కాపాడుతుంది. చక్రాల మధ్య గట్టు ఎత్తుగా ఉన్న దారిలో డిఫరెన్షియల్‌ను కాపాడదు.

హైలో ఉన్నప్పుడు చక్రం కిందకు జారే అవకాశం తగ్గుతుంది, కాబట్టి ఒక చక్రం గోతిలో ఉన్నప్పుడు అది త్వరగా గాలిలోకి లేస్తుంది. పక్కకు వాలిన గట్టు మీద బరువు కేంద్రం పైకి పోవడం మరీ ప్రమాదం. అందుకని అడ్డంకికి ముందు లేపండి, దాటగానే నార్మల్‌కు దించండి. వేగం గంటకు సుమారు 30 కిలోమీటర్లు దాటితే చాలా నమూనాల్లో కంప్యూటర్ తానే దించేస్తుంది. ఆ పని దానికి వదిలేయకుండా ముందే మీరే దించడం మంచిది.

బురదలో కూరుకుపోయి చక్రాలు వేలాడుతున్నప్పుడు ఎత్తు నియంత్రణ ఆఫ్ చేయండి. లేకపోతే వేలాడే చక్రం చూసి కంప్యూటర్ ఆ మూలలో ఆయిల్ వదిలేస్తూ, ఇంకో మూలకు పంపుతూ తికమకపడుతుంది. సరదాకు పదే పదే లేపి దించకండి. పంపు మోటారు వేడెక్కితే వ్యవస్థ కాసేపు పనిచేయడం మానేస్తుంది. పాడైందని భయపడవలసిన పని లేదు, చల్లారనివ్వండి.

ఆఫ్ లైటు దానంతటదే మెరుస్తూ ఉంటే కంప్యూటర్ ఏదో లోపం పట్టిందని అర్థం. ఇంజను ఆపి మళ్ళీ స్టార్ట్ చేసి చూడండి. మళ్ళీ మెరిస్తే లోపం కోడ్ చదవకుండా వస్తువులు మార్చకండి.

దారి మధ్యలో గొట్టం తెగితే

100 తరంలో స్ప్రింగులు, టార్షన్ బార్లు ఉన్నాయి కాబట్టి బండి కుంగుతుంది తప్ప పూర్తిగా నేలకు పడిపోదు. ఇంజను ఆపి, ఎత్తు నియంత్రణ ఆఫ్ చేసి, చక్రాలకు దిమ్మలు పెట్టి, ఎక్కడ కారుతోందో అట్టముక్కతో చూడండి. కుదుపును అణిచే ఆయిల్ పోయింది గనుక, వేగంగా పోతే బండి అదుపు తప్పి ఎగురుతుంది. సామాను తగ్గించి, నడక కన్నా కొంచెం ఎక్కువ వేగంతో గట్టి రోడ్డు వరకు తెచ్చుకోండి. టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంటే మాత్రం కదల్చకుండా మోసుకెళ్ళే బండిని పిలిపించడమే దారి. కారిన ఆయిల్ బ్రేకు డిస్కుల మీద పడిందేమో చూడకుండా బయలుదేరకండి.

మామూలు స్ప్రింగులకు మారిపోవచ్చా?

మారవచ్చు. గొట్టాలన్నీ తుప్పుపట్టి, పంపు, గోళాలు కలిపి మార్చవలసి వస్తే అది తెలివైన నిర్ణయమే. కానీ ఉన్న స్ప్రింగులను అలాగే ఉంచి సిలిండర్ల చోట షాక్ అబ్జార్బర్లు మాత్రం బిగిస్తే కుదరదు. ఆ స్ప్రింగులు, బార్లు ఆయిల్ తోడు ఉంటుందన్న లెక్కతో చేసినవి. ఒంటరిగా బరువు మోయలేవు. ఏహెచ్‌సీ లేని నమూనాకు వేసే బార్లు, స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు పూర్తిగా వేయాలి, ఒత్తిడి మొత్తం వదిలాకే గొట్టాలు విప్పాలి, కంప్యూటర్ లోపం లైటు సంగతి ఏం చేస్తారో మెకానిక్‌ను ముందే అడగాలి. తీసిన గోళాలకు వెల్డింగు చేయడం గానీ, మంటలో వేయడం గానీ చేయకండి; నైట్రోజన్ ఇంకా ఒత్తిడితో ఉండవచ్చు. వాయువు ఎలా వదిలించాలో తెలిసిన చోటే పాత సామానుకు ఇవ్వండి.